కొంగ వెనక సూర్యుడు

మా ఇంట్లో అమ్మ పేరు రాసి ఉన్న వస్తువు ఒక్కటి కూడా ఉండేది కాదు. స్టీలు గిన్నెల మీద చెక్కించినదంతా నాన్న పేరే. అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న ట్రంకు పెట్టె మీద వాళ్ళ నాన్న పేరు. రేషన్ కార్డులో రెండో వరసలో ఉండేదేమో గానీ, ఆ కార్డు నాన్న బీరువాలో ఉండేది. శుభలేఖల్లో ఆమె ఒట్టి "సతీసమేతంగా". నాయనమ్మకి ఆమె "అమ్మాయ్", ఆడపడుచులకి "వదినా", కొట్టు గుమాస్తాలకి "అమ్మగారు". నాన్నకి "ఇదిగో".

నిజంగానే "ఇదిగో". కాఫీ కావాలన్నా "ఇదిగో", ఇల్లు కాలిపోతున్నా "ఇదిగో". డెబ్బయ్యో దశకంలో మా జగ్గయ్యపేటలో మొగుడు పెళ్ళాన్ని పేరు పెట్టి పిలవడం మాలాంటి ఇళ్ళల్లో ఉండేది కాదు. పెళ్ళాం మొగుడి పేరు చెప్పడం సరేసరి. వద్దని ఎవరూ కట్టడి చెయ్యలేదు, నోరే వచ్చేది కాదు. నాకూ అదేం వింతగా అనిపించలేదు. కోపం రావాల్సినదానికి నాకు కోపం ఎప్పుడూ ఆలస్యంగానే వస్తుంది, అనవసరమైన వాటికి మాత్రం ముక్కు మీదే ఉంటుంది.

నాన్నకి మిర్చి కమిషన్ కొట్టు. గుంటూరు, బొంబాయి, కలకత్తా నుంచి ఉత్తరాలు కట్టలు కట్టలుగా వచ్చేవి. చదవడం అయిపోయిన కవర్లు పొయ్యి రాజేయడానికి ఇంటికి చేరేవి. అమ్మ వాటిని పొయ్యిలో పెట్టే ముందు స్టాంపులు కత్తిరించుకునేది. మధ్యాహ్నం పని సర్దుకున్నాక పళ్ళెంలో నీళ్ళు పోసి వాటిని నానబెట్టి, కాగితం వదిలాక వెనక జిగురు పోయేదాకా కడిగి, పాత చీర ముక్క మీద బోర్లించి ఆరబెట్టేది. 

"మిరపకాయలు ఎండబెట్టుకునే కొంపలో బిళ్ళలు కూడా ఎండబెడుతున్నారు, ఇంకేం తక్కువ!" అనేవారు నాన్న. స్టాంపులంటే ఆయనకి బిళ్ళలు.

అందరిలా అందమైనవి దాచుకుంటే నేనూ పట్టించుకునేదాన్ని కాదు. అమ్మకి కావాల్సినవి చెడిపోయినవి. "బాగున్నవి గంపలకి గంపలు అచ్చేస్తారే, వాటిల్లో చూడ్డానికేముంది?" అనేది. ఆమె దగ్గర, అంచు చుట్టూ ఉండాల్సిన చిల్లులు సరిగ్గా బొమ్మ నడుం మీదుగా పోయిన స్టాంపు ఒకటి ఉంది. అచ్చయ్యేటప్పుడు కాగితం మడతపడి, మధ్యలో తెల్లటి చార మిగిలిపోయింది మరొకటి. పువ్వు ఎరుపంతా పువ్వు పక్కకి జారిపోయింది ఇంకొకటి. అది ఎట్లా జరుగుతుందో నాకు గోడ మీద క్యాలెండరు చూపించి చెప్పింది.

"అమ్మవారి పెదాలు చూడు. ఎరుపు గడ్డం మీదకొచ్చిందా? ఒక్కో రంగు ఒక్కోసారి అచ్చేస్తారే. కాగితం కాస్త జరిగిందనుకో, ఆ రంగు కూడా జరిగిపోద్ది. స్టాంపైనా అంతే. కాకపోతే స్టాంపులు అచ్చేసేచోట తప్పు పడ్డ కాగితాలు ఏరి చింపేస్తారంట. వాళ్ళ కళ్ళు గప్పి బయటపడ్డవే మనకి దొరికేవి."

అమ్మ చదివింది పెనుగంచిప్రోలు బడిలో ఎనిమిదో క్లాసు. ఏదో వారపత్రికలో ఒక పేజీ వ్యాసం చదివి, మిగతాదంతా భూతద్దం పెట్టుకుని తనే కూడబలుక్కుంది. ఆ భూతద్దం మా తాతయ్య పంచాంగం చదువుకునేది. ఆమెకి ఒకటే సూత్రం. ఏ స్టాంపు చేతికొచ్చినా అడిగే ప్రశ్న ఒకటే.

"పుట్టుమచ్చా, దెబ్బ మచ్చా?"

అచ్చులోనే పడ్డ తప్పయితే పుట్టుమచ్చ. దానికి విలువ. అచ్చయి బయటికొచ్చాక ఎండకి వెలిసినా, నీళ్ళకి కారినా, ఎవడో గోకినా అది దెబ్బ మచ్చ. దానికి ఏ విలువా లేదు. ఒకసారి నేను ఎరుపు బొత్తిగా లేని స్టాంపొకటి పట్టుకొచ్చి గొప్పగా ఆమె చేతిలో పెట్టా. అమ్మ అలాంటిదే మంచిది ఒకటి తీసి కిటికీ ఊచకి అంటించి, ఎండలో వదిలేసింది. కొన్నాళ్ళకి దాని ఎరుపూ ఎగిరిపోయింది. "చూశావుగా" అంది. నాకు ఒళ్ళు మండింది గానీ నోరు మూసుకున్నా.

ఇక కొంగ సంగతి.

పెనుగంచిప్రోలులో మా మేనమామ భార్య, అంటే అమ్మ వదిన, అమ్మ కోసం ఇంటికొచ్చిన కవర్ల మీద స్టాంపులు కత్తిరించి పౌడరు డబ్బాలో వేసి ఉంచేది. మామయ్య మా ఇంటికొచ్చినప్పుడల్లా ఆ డబ్బా తెచ్చేవాడు. అట్లా ఒకసారి వచ్చిన వాటిల్లో కొంగ బొమ్మ స్టాంపు ఒకటి ఉంది. బూడిదరంగు నీళ్ళలో ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ, వెనక తెల్లటి ఆకాశం. అంతవరకు మా దగ్గర అలాంటివి బోలెడున్నాయి. దీంట్లో మాత్రం కొంగ వెనక, ఆ తెల్లటి ఆకాశంలో, పసుపుపచ్చగా సగం సూర్యుడు పొడుచుకొస్తున్నాడు.

అమ్మ పళ్ళెంలోంచి దాన్ని తీసి పట్టుకుని, వంటింట్లో పాలు పొంగిపోతున్నా కదల్లేదు. నీళ్ళలో మళ్ళీ కడిగింది. పోలేదు. భూతద్దం పెట్టి చూసింది. స్టాంపు ఒక మూల పోస్టాఫీసు ముద్ర అంచు పడి ఉంది, ఊరి పేరు లేదు, ఒట్టి నల్లటి వంపు. ఆ వంపు సూర్యుడి మీదుగా పోయింది.

"చూడవే," అంది నన్ను లాగి, "నల్లసిరా పైనుంది. పసుపు కిందుంది. అంటే ఏంటి? పోస్టాఫీసులో ముద్ర కొట్టేనాటికే ఈ పసుపు దీని మీదుంది. ఇంకెక్కడ పడ్డట్టు? అచ్చులోనే! వేరే స్టాంపుకి వెయ్యాల్సిన రంగు దీని మీద పడింది. పుట్టుమచ్చే ఇది!"

అంత సంబరంగా అమ్మని నేనెప్పుడూ చూడలేదు. నాన్న భోజనానికి వస్తే చూపించింది. "బాగుంది. ముందు పప్పు వెయ్యి," అన్నారాయన.

నేనప్పుడు నందిగామలో డిగ్రీ చదివేదాన్ని. రోజూ ఎర్రబస్సులో పోయి రావడమే. కాలేజీ నోటీసు బోర్డులో ఒకరోజు స్టాంపుల ప్రదర్శన అని కాగితం అంటించారు. హైస్కూలు హాల్లోనట. నడిపేది అక్కడి కోర్టులో ప్లీడరుగారు ఒకాయన, చిన్నప్పటి నుంచీ స్టాంపుల పిచ్చి. ఆదివారం నాడు అమ్మని బలవంతాన బస్సెక్కించి ఆయన ఇంటికి తీసుకెళ్ళా. అమ్మ కొంగని మడత కాగితంలో పెట్టి, దాన్ని చిన్న పర్సులో పెట్టి, పర్సుని జాకెట్లో దోపుకుంది.

ఆయన తన భూతద్దంతో చాలాసేపు చూశారు. తర్వాత అమ్మని అడిగారు.

"ముద్ర గమనించారా అమ్మా?"

"చూశానండి. పైనుందండి. పసుపు కిందుంది."

"అదే నేనూ చూస్తున్నా," అన్నారాయన. అమ్మ చెప్పిన లెక్కే ఆయనా చెప్పారు. అచ్చు తప్పేనని ఖాయం చేశారు. తప్పు అచ్చుల బల్ల మీద చివర్లో ఒక నల్లట్ట దీనికే వదులుతానన్నారు. "ప్రదర్శన రోజు పొద్దున్నే మీరే తెచ్చి పెట్టండి. కింద మీ పేరు రాయిస్తా. చెప్పండి, పేరు?"

నాన్న పేరు చెప్పలేక అమ్మ నావైపు చూసింది. "ఆయన పేరు చెప్పవే," అంది.

"ఆయన పేరెందుకమ్మా? స్టాంపు మీదిగా," అన్నారు ప్లీడరుగారు.

అమ్మ తన పేరు చెప్పింది. ఆయనకి వినపడలేదు. మళ్ళీ చెప్పింది. ఈసారి నాకూ వినపడలేదు. నాకు తిక్కరేగి, వీధి చివరిదాకా వినపడేట్టు నేనే అరిచి చెప్పా.

తిరుగు బస్సులో అమ్మ కంచికచర్ల వైపు పోయే ఎడ్లబండ్లని చూస్తూ కూర్చుంది. ఉన్నట్టుండి, "అట్ట మీద రాస్తారా? చేత్తోనేనా?" అంది.

"మనిషంత అక్షరాలు రాస్తారు. తోరణాలు కూడా కడతారు."

"నీకు వెటకారమే." మళ్ళీ కిటికీ వైపు తిరిగి, "నా పేరు నేను చూసుకుని ఎన్నాళ్ళయిందో తెలుసా? బళ్ళో పలక మీద రాసుకున్నదే," అంది. ఆ మాటకి నా వెటకారం ఎటుపోయిందో నాకే తెలీదు. బస్సు దిగేదాకా ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నా.

ఆ రోజు నుంచి ఇంట్లో ప్రదర్శన జపమే. ఏ చీర కట్టుకోవాలి, ఏ బస్సుకి పోవాలి, అట్ట మీద ఒట్టి పేరే రాస్తారా, ముందు శ్రీమతి పెడతారా. నాన్న వింటూ వింటూ, "సంతలో గేదెల్ని కట్టేసి చూపించినట్టు బిళ్ళల్ని చూపిస్తారన్నమాట," అనేవారు. అయినా వెళ్ళొద్దని అనలేదు.

అదే సమయానికి మా అన్నయ్య పెళ్ళి కుదిరింది. ప్రదర్శన రేపనగా, శుభలేఖలు అచ్చయి వచ్చాయి. మధ్యాహ్నం వసారాలో చాప పరుచుకుని కూర్చున్నాం. నేను చిరునామాలు రాస్తున్నా. అమ్మ గిన్నెలో పసుపు తడిపి పెట్టుకుని, కవరు నాలుగు మూలలా వేలితో అద్ది, స్టాంపు తడి చేసి అంటించి, బొటనవేలితో గట్టిగా నొక్కుతోంది. నాయనమ్మ స్తంభానికి ఆనుకుని ఆకూ వక్కా వేసుకుంటోంది.

కాసేపటికి నా పక్కన చప్పుడు ఆగిపోయింది. చూస్తే, అమ్మ చేతిలో కవరు పట్టుకుని అట్లాగే ఉండిపోయింది.

"ఏమైందమ్మా?"

నేను వంగి చూశా. అప్పుడే అంటించిన స్టాంపు మీద, ఆమె బొటనవేలు నొక్కినచోట, పసుపుపచ్చగా సగం సూర్యుడు పొడుచుకొచ్చి ఉన్నాడు.

"మీ చిన్నత్త పెళ్ళికి," అంది అమ్మ మెల్లగా, "మా పెనుగంచిప్రోలు అన్నయ్యకి శుభలేఖ నేనే వేశానే. కొంగ బొమ్మలప్పుడే కొత్తగా వచ్చినయ్."

ముద్ర కింద పసుపు. పోస్టాఫీసుకి రాకముందే పడ్డ రంగు. అంతవరకూ నిజమే. స్టాంపు అచ్చయిన చోటికీ పోస్టాఫీసుకీ మధ్యలో మా వసారా ఒకటి ఉందని మాత్రం మా ఇద్దరికీ తట్టలేదు, ప్లీడరుగారికీ తట్టలేదు.

"ఒకవేళ కాదేమో," అన్నా నేను. "రంగు అట్లాగే ఉండొచ్చుగా."

సంగతంతా వింటున్న నాయనమ్మ తన సున్నం డబ్బా మా వైపు తోసింది. "పసుపో కాదో తేల్చుకోడానికి అంత ఆలోచనెందుకు? సున్నం పెట్టండి. పారాణి ఎట్టా కలుపుతారు మరి? పసుపైతే ఎర్రబడుద్ది, కాకపోతే లేదు."

అమ్మ లేచి లోపలికెళ్ళి స్టాంపులు దాచుకునే పుస్తకంలోంచి కొంగని తీసుకొచ్చింది. అగ్గిపుల్ల చివర్న చిటికెడు సున్నం తీసుకుంది. నేను ఆమె చెయ్యి పట్టేసుకున్నా.

"నీకేమైనా పిచ్చా అమ్మా? ప్లీడరుగారే అచ్చు తప్పన్నారు. అంత భూతద్దం పెట్టి చూసిన మనిషికే తెలీలేదు, ఇంకెవరికి తెలుస్తుంది? రేపొక్కరోజు పెట్టుకో. పేరు చూసుకో. తర్వాత తెచ్చుకుని సున్నం పెట్టుకుంటావో, గంగలో కలుపుకుంటావో నీ ఇష్టం."

"చెయ్యి వదులు."

"వదలను."

"రేపు దాని కింద ఉండేది నా పేరే," అంది అమ్మ. "మీ నాన్న పేరు కాదు, మా నాన్న పేరు కాదు. నాకు మాత్రం లేదా ఆశ? రాత్రిళ్ళు కళ్ళు మూసుకుంటే ఆ అట్టే కనపడుతుంది నాకు. ఇన్నాళ్ళకి ఒక్కసారి నా పేరు రాస్తుంటే, దాని మీద అబద్ధం అంటించి పెట్టనా? వదులే."

వదిలేశా. ఆమె అగ్గిపుల్లని సూర్యుడికి తాకించింది. చూస్తుండగానే కొంగ వెనక పొద్దు ఎర్రగా అయిపోయింది.

"పొద్దుగూకిందే అమ్మాయ్," అంది నాయనమ్మ.

అమ్మకి నవ్వొచ్చింది. నవ్వుతూనే లోపలికెళ్ళిపోయింది. వంటింట్లో చెంబు కింద పడ్డ చప్పుడైంది. నాకు పట్టరాని కోపం వచ్చింది. పసుపు మీదా, సున్నం మీదా, నాయనమ్మ మీదా, అందరి మీదా.

నాన్నకి సాయంత్రం తెలిసింది. "ఇంకెందుకు నందిగామ పోవడం?" అన్నారు.

"చెప్పి రావాలిగా అండీ. ఆయన అట్ట వదిలిపెట్టి ఉంచుతారు," అంది అమ్మ. నాన్న తనకి మార్కెట్లో పనుందని మాత్రం చెప్పారు.

ఆదివారం పొద్దున్నే మేమిద్దరం బస్సెక్కాం. అనుకున్న పట్టుచీర కాకుండా మామూలు నేతచీర కట్టుకుంది. హైస్కూలు హాల్లో బల్లలు వరసగా వేసి, నల్లట్టల మీద స్టాంపులు అమర్చారు. ప్లీడరుగారు గుమ్మంలోనే ఎదురొచ్చారు. అమ్మ మడత కాగితం విప్పి ఆయన చేతిలో పెట్టి, ఉన్నదున్నట్టు చెప్పింది. పెళ్ళి, శుభలేఖ, బొటనవేలు, సున్నం.

ఆయన ఎర్రబడ్డ సూర్యుణ్ణి చూసి నిట్టూర్చారు. తర్వాత నవ్వారు. "మా ఇంట్లోనూ మూలలకి పసుపు రాస్తారమ్మా. ఇద్దరం ఒకే తప్పులో కాలేశాం. మరి ఇది పెట్టలేమే."

"పెట్టొద్దండి. అందుకే వచ్చా."

"వేరేవేమైనా తెచ్చారా?"

"లేదండి. ఇదే అనుకున్నా."

ఆయన మమ్మల్ని తప్పు అచ్చుల బల్ల చివరికి తీసుకెళ్ళారు. అక్కడ నల్లట్ట ఖాళీగా ఉంది. స్టాంపు కోసం నాలుగు మూలలు మాత్రం అంటించి ఉంచారు. కింద తెల్ల చీటీ మీద, నీలం సిరాతో, గుండ్రటి అక్షరాలతో అమ్మ పేరు. ముందు శ్రీమతి లేదు, వెనక ఇంకెవరూ లేరు.

అమ్మ దానివైపు చూసింది. చూపు తిప్పుకోలేకపోయింది.

"పేరు చీటీ తీసేస్తారాండి?" అని అడిగింది.

ఆ అడగడం నేను ఈనాటికీ మర్చిపోలేను. బళ్ళో పిల్లలు ఇంకాసేపు ఆడుకోవచ్చా అని అడిగినట్టు అడిగింది. ప్లీడరుగారు చీటీ గుండుసూది మీద వేసిన చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"సాయంత్రం దాకా ఉండనివ్వండమ్మా. ఆ చోటు మీకిచ్చిందేగా," అని చెప్పి ఇంకెవరో పిలిస్తే వెళ్ళిపోయారు.

అమ్మ అక్కడే నిలబడింది. మిగతా స్టాంపులు చూద్దాం రమ్మంటే రాలేదు. హైస్కూలు పిల్లలు వరసగా వచ్చి, "ఇక్కడేం లేదేంట్రా?" అనుకుంటూ పోయారు. ఎవరో పెద్దాయన ఖాళీ అట్ట మీదకి వంగి వెతికి వెతికి పోయాడు. నాకు సిగ్గనిపించింది. అమ్మకేమీ అనిపిస్తున్నట్టు లేదు. కాళ్ళు నొప్పెడితే ఒక కాలి మీద బరువు వేసి, తర్వాత రెండో కాలి మీద వేసి, తన పేరుకి కాపలా కాస్తున్నట్టు నిలబడింది.

మధ్యాహ్నం హాల్లో అటువైపు వరసగా తుమ్ములు మొదలయ్యాయి. ఒకరి తర్వాత ఒకరు తుమ్ముతున్నారు. చూస్తే నాన్న. మార్కెట్ నుంచి బట్టలు కూడా మార్చుకోకుండా నేరుగా బస్సెక్కి వచ్చేశారు. భుజం మీద కండువా నిండా మిర్చి ఘాటు.

"ఇక్కడ కోర్టు దగ్గర పనుండి వచ్చా," అన్నారు. ఆదివారం కోర్టేమిటో మేము అడగలేదు. ఖాళీ అట్ట వైపు చూశారు. "ఇదేనా ఆ చోటు?"

"ఇదేనండి," అంది అమ్మ. "స్టాంపు పెట్టలా. ఇక చూడ్డానికేమీ లేదు."

నాన్న జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, చీటీ మీదకి వంగారు. కొట్టులో బస్తాల మీద గుర్తులు చదివే మనిషి ఆయన. ఏది చదివినా లోపల చదువుకోవడం రాదు, పైకే చదువుతారు. ఒక్కో అక్షరం కూడబలుక్కుని, అమ్మ పేరు పైకి చదివారు.

ఆయన నోట ఆ పేరు నేను వినడం అదే మొదటిసారి. పరాయి గొంతులాగా ఉంది.

అమ్మ చప్పున అటూ ఇటూ చూసింది. ముఖం కందిపోయింది. "ఏంటండీ ఇది! అందరిలో పేరు పెట్టి పిలుస్తారా?"

"పిలవలా. చదివా," అన్నారు నాన్న. "రాసుంది మరి."

అమ్మ కొంగు తీసి కళ్ళు ఒత్తుకుంది. చీటీ వైపు చూసింది, నాన్న వైపు చూసింది.

"సరిగా వినపడలా," అంది. "ఇంకోసారి చదవండి."

నాన్న కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చదివారు.